రాయి మీద పేరు

తంగళ్ళపల్లి,
30 అక్టోబర్ 2011

పుష్పక్కకు,

హైదరాబాద్ కాన్వెంట్ నుంచి మీ మిషన్‌కు రేడియోలో కబురు పంపామని మదర్‌గారు ఫోన్‌లో చెప్పారు. అందులో ఎంత నీదాకా చేరిందో తెలియదు కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను.

మన అరుణ్ అక్టోబర్ నాలుగో తేదీ మంగళవారం సాయంత్రం సిరిసిల్ల ఆసుపత్రిలో పోయాడు. మలేరియా మెదడుకు ఎక్కిందని డాక్టర్ అన్నాడు. మరునాడు మన ఊళ్లోనే బాపు సమాధి పక్కన మట్టి చేశాం. బస్సులు నడవడం లేదు కనుక ఫాదర్ ఎవరిదో మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు.

నువ్వు వెళ్లిన మూడు నెలలకే ఇక్కడ సకల జనుల సమ్మె మొదలైంది. ప్రత్యేక తెలంగాణ కోసం బడులు, ఆఫీసులు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. నలభై రెండు రోజులు. మా మండల జేఏసీకి నన్ను కన్వీనర్‌ను చేశారు. నేను పాఠం చెప్పడానికి బడికి పోయింది లేదు, ఇక్కడ తంగళ్ళపల్లిలో మా ఇంట్లో ఉన్నదీ లేదు. జగిత్యాలలో కాలేజీ మూతపడితే అరుణ్ మన ఊరికి పోయి అవ్వ దగ్గర ఉన్నాడు. అంతకు ముందు అక్కడి ర్యాలీలన్నిటిలో వాడు ముందు వరసలో ఉండేవాడట. వాడి దోస్తులు సంతాప సభ పెట్టారు. కాలేజీ ముందు అమరుల పేర్లతో ఒక రాయి నిలబెడతారట. వాడి పేరు నేనే రాసిచ్చాను. ఉద్యమం నడుమ పోయినవాడు ఉద్యమంలో పోయినట్టే కదా.

అవ్వ కోరుట్లలో లసుమవ్వ చిన్నవ్వ ఇంటికి పోయింది. మా దగ్గర ఉండమని నేనూ నీ మరదలు వసంతా ఎంత అడిగినా వినలేదు. కన్నకొడుకు పోయిన ఇల్లు కదా, జాగా మారితే కొంచెం తేరుకుంటుందేమో. అక్కడ చిన్నవ్వతో కలిసి బీడీలు చుడుతోంది.

రాయి ఆవిష్కరణ నాడు చదవడానికి నువ్వు నాలుగు మాటలు రాసి పంపు. అక్కగా నీ మాటలకు విలువ ఉంటుంది.

నీ తమ్ముడు,
జనార్దన్


రొరైమా అడవి, బ్రెజిల్
4 డిసెంబర్ 2011

జనార్దన్‌కు,

నీ ఉత్తరం బోవా విస్టా పట్నం నుంచి చిన్న విమానంలో, మందుల పెట్టెల మధ్య వచ్చింది.

రేడియోలో నాకు చేరినవి మూడే మాటలు. తమ్ముడు, జ్వరం, మరణం. ఏ తమ్ముడో పదకొండు రోజుల దాకా తెలియలేదు. ఒక రోజు నువ్వనుకున్నాను, ఒక రోజు వాడనుకున్నాను. ఎవరికోసం ప్రార్థించాలో తెలియక ఇద్దరి పేర్లూ చెప్పాను. ఆ తర్వాత రెండో కబురు వచ్చింది.

నేనిక్కడ రోజూ చూసేది మలేరియానే. పొద్దున లేచి సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే పది చుక్కల నెత్తురులో నాలుగింటిలో అది కనిపిస్తుంది. దాన్ని వెతకడమే పనిగా భూమికి ఈ చివర నేను కూర్చుని ఉన్నాను. అది మన ఇంటికి వచ్చింది.

ఇక్కడి వాళ్లను యానోమామి అంటారు. ఊరంతా ఒకటే గుండ్రని ఇల్లు. నడుమ వాకిలి, చుట్టూ కప్పు, ఒక్కో పొయ్యి దగ్గర ఒక్కో కుటుంబం ఊయలల్లో పడుకుంటుంది. మేం వాళ్లకు మతం చెప్పం, మందులిస్తాం. వాళ్ల మాట నాకు ఇంకా సరిగ్గా రాదు. వచ్చినంత మేరకే ఒక తప్పు చేశాను.

ఒక తల్లి ఇద్దరు పిల్లలను తెచ్చింది. కొడుకు నా చేతిలోనే పోయాడు. మందులు ఇచ్చిన ప్రతి మనిషి పేరూ, చనిపోతే ఆ వివరమూ రిజిస్టర్‌లో రాసి ఆరోగ్య శాఖకు పంపాలి. వాడు పోయిన మూడో రోజు, నలుగురి ముందు, పిల్లవాడి పేరు ఏమిటని ఆమెనడిగాను. ఆమె నా మొహం వంక చూడకుండా, జ్వరంతో ఉన్న కూతురిని వీపున కట్టుకుని వెళ్లిపోయింది. వాళ్ల ఇల్లు ఇక్కడికి రెండు రోజుల నడక.

చనిపోయినవాళ్ల పేరు వీళ్లు పలకరు. ఇంకొకరు పలికితే భరించరు. మనిషి పోతే దహనం చేసి, వాడి విల్లూ ఊయలా అన్నీ కాల్చేస్తారు. ఎముకలు నూరిన పొడిని, బంధువులంతా వచ్చినప్పుడు, అరటి గంజిలో కలుపుకుని తాగుతారు. వాడిది అనేది ఏదీ బయట మిగలకూడదు. ఇది నాకు శిక్షణలో చెప్పారు. రాసుకున్నాను కూడా. రిజిస్టర్ తెరిచేసరికి మరిచిపోయాను.

రేపు ఒక దుబాసీని తీసుకుని ఆ తల్లి వెనక పోతున్నాను. ఆ పిల్లకు మూడు రోజుల మందు మిగిలి ఉంది.

నువ్వు రాసినదాంట్లో నాకు కొన్ని తెలియలేదు. జ్వరం ఏ రోజు మొదలైంది? మంగళవారం దాకా ఎవరు చూశారు? ఇంటి దగ్గర ఎప్పుడు బయలుదేరారు, ఆసుపత్రికి ఎప్పుడు చేరారు? నర్సుగా అడుగుతున్నాను. సభలో చదివే మాటలు తర్వాత.

అక్క,
పుష్ప


తంగళ్ళపల్లి,
12 జనవరి 2012

పుష్పక్కకు,

నీ ఉత్తరం వసంత చదివి ఏడ్చింది. ఆ పిల్ల బతికిందా, ముందు అది రాయి.

నువ్వడిగినవి. జ్వరం శుక్రవారం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి సెలైన్ ఎక్కించాడు. శనివారం తగ్గింది, ఆదివారం మళ్లీ వచ్చింది. మంగళవారం పొద్దున వాడికి మాట తడబడింది, మనుషులను గుర్తు పట్టలేదట. జలపతి ఆటోలో అవ్వ వాణ్ని తీసుకుని బయలుదేరింది. అప్పుడు తొమ్మిదిన్నర. ఆసుపత్రికి చేరేసరికి పదకొండు దాటింది. రోడ్ల మీద ఆ రోజుల్లో ఎట్లా ఉండేదో నీకు తెలియదు.

ఇక్కడ మళ్లీ బడి నడుస్తోంది. పోయిన పాఠాల కోసం ఆదివారాలు కూడా చెబుతున్నాం. యానోమామి గురించి ఏడో తరగతి పిల్లలకు చెప్పాను. లైబ్రరీలో ఒక పాత పత్రిక దొరికింది. అందులో వాళ్లు ఎప్పుడూ కొట్లాడుకునే క్రూరమైన జాతి అని ఒక పండితుడు రాసినట్టు ఉంది. నిజమేనా? నువ్వు క్షేమమేనా?

ఆ మాట చదివి నాకు ఒకటి గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఢిల్లీ నుంచి ఒకాయన సిరిసిల్లకు వచ్చాడు. నేత కార్మికుల చావుల మీద పరిశోధనట. ఫారం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మరమగ్గాల సాంచాల దగ్గర పనిచేసే రాజేశం వాళ్లింట్లో కూర్చుని, 'మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా, ఎట్లా' అని అడిగితే రాజేశం, 'సారూ, నేను ఇంక బతికే ఉన్న, నా గురించి రాస్కోరాదు?' అన్నాడు. అందరం నవ్వాం. ఆయన అది కూడా రాసుకున్నాడు.

కాలేజీ వాళ్లు రాయి తెప్పించారు. జూన్‌లో ఆవిష్కరణ. పదకొండు పేర్లు. నీ నాలుగు మాటల కోసం చూస్తున్నారు.

జనార్దన్


రొరైమా అడవి
20 ఫిబ్రవరి 2012

జనార్దన్‌కు,

పిల్ల బతికింది. మేం చేరేసరికి ఒళ్లు కాలుతోంది. తల్లి నన్ను చూసి గోడ వైపు తిరిగింది. నేను ఆమె పొయ్యి పక్కన కూర్చున్నాను. ఒక పగలంతా కూర్చున్నాను. సాయంత్రం ఆమె పిల్లను నా ఒడిలోకి జరిపింది, అంతే. మందు వేశాను. తర్వాత దుబాసీ అన్నాడు: 'ఆమె నిన్ను క్షమించలేదు. పిల్లకు మందు కావాలి కాబట్టి ఇచ్చింది.' ఆ నెల రిజిస్టర్‌లో పిల్లవాడి పేరు గడి ఖాళీగా పంపాను. ఎందుకు ఖాళీ అని ఆరోగ్య శాఖ నుంచి తాఖీదు వచ్చింది. కారణం రాసి పంపాను.

వీళ్లు క్రూరులా అని అడిగావు. కొట్లాటలు ఉన్నాయి. పగలు ఉన్నాయి. ఒకడు తన తల మీద పాత గాయాల గుర్తులు చూపించి గర్వంగా నవ్వుతాడు. వాడే నా సూదికి భయపడి భార్య చెయ్యి పట్టుకుంటాడు. రోజులో ఎక్కువసేపు వాళ్లు చేసేది అరటి తోట పని, చేపలు పట్టడం, హాస్యాలాడుకోవడం. ఇక్కడికి మార్తా అనే పరిశోధకురాలు వస్తుంటుంది. ఇరవై ఏళ్లుగా వీళ్లతో తిరిగిన మనిషి. ఆమె ద్వారా నాకు తెలిసింది రాస్తున్నాను.

దాదాపు యాభై ఏళ్ల కిందట వచ్చిన, నువ్వు చదివిన ఆ పండితుడికి ఎవరికి ఎవరు ఏమవుతారో పట్టిక కావాలి. దానికి పేర్లు కావాలి, చచ్చినవాళ్లవి కూడా. వీళ్లు చెప్పలేదు. నవ్వు కోసం బూతు పేర్లు కల్పించి చెప్పారు. అతను నెలల తరబడి వాటినే శ్రద్ధగా రాసుకున్నాడు. మోసం తెలిశాక ఇంకో దారి పట్టాడు. ఒక ఊరివాళ్ల పేర్లు వాళ్లతో పడనివాళ్లను అడిగాడు, కోపంలో ఉన్నవాణ్ని చూసి అడిగాడు. అట్లా పట్టిక నిండింది. అతను రాసిన 'క్రూరులు' అన్న మాట పేపర్లకెక్కింది. ఈ జనానికి భూమి ఎందుకు అనేవాళ్లకు అది పనికొచ్చింది. అతని మీద తర్వాత పెద్ద నిందలే వచ్చాయి. అందులో కొన్ని నిజం కాదని తేలింది, కొన్నిటి మీద పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. మార్తా అతన్ని తిట్టదు. 'కష్టపడి పనిచేశాడు. పేర్లు ఎవరివో మరిచిపోయాడు' అంటుంది.

ఆ రోజుల్లోనే డాక్టర్లు వచ్చి వేల మంది నెత్తురు తీసుకున్నారు. బదులుగా కత్తులు, గిన్నెలు ఇచ్చారు. జబ్బులు కనిపెట్టి మందు పంపుతారని వీళ్లు అనుకున్నారు. ఆ నెత్తురు ఇప్పటికీ అమెరికాలో మంచు పెట్టెల్లో దాచి ఉంది. ఇచ్చినవాళ్లలో చాలామంది పోయారు. మందుల గదికి వచ్చే ఒక ముసలామె నన్ను రెండుసార్లు అడిగింది: 'మా అమ్మది అంతా కాల్చేశాం. నెత్తురు మాత్రం వాళ్ల దగ్గర ఉంది. ఎప్పుడు తెస్తారు?' తిరిగి ఇవ్వడానికి కొన్ని సంస్థలు ఒప్పుకున్నాయట. ఎప్పుడో తెలియదని ఆమెకు చెప్పాను.

ఇప్పుడు నీ సంగతి. మన ఊరి నుంచి సిరిసిల్లకు పన్నెండు కిలోమీటర్లు. జలపతి ఆటో ఎంత మెల్లగా నడిపినా అరగంట. తొమ్మిదిన్నరకు బయలుదేరితే పదింటికి చేరాలి. పదకొండు దాటిందని రాశావు. రోడ్ల మీద ఎట్లా ఉండేదో నాకు తెలియదన్నావు. చెప్పు మరి. ఎక్కడ ఆగారు? ఎవరు ఆపారు? అవ్వ నీ ఇంట్లో ఎందుకు ఉండడం లేదు?

సభకు మాటలు ఇప్పుడు పంపను. వాడి పేరు రాయి మీద చెక్కడానికి అవ్వ ఒప్పుకుందా? నువ్వు ఆ సంగతి రెండు ఉత్తరాల్లోనూ రాయలేదు.

పుష్ప


జగిత్యాల,
25 మార్చి 2012

అక్కా,

పేర్లు సరిచూడమంటే వచ్చాను. కాలేజీ వరండాలో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

ఆ రోజు తంగళ్ళపల్లి దగ్గర మానేరు బ్రిడ్జి మీద మా వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినడం. అది కూడా ఒక రాస్తారోకో. ఆరు వందల మంది వచ్చారు. అంబులెన్స్ వస్తే వదలాలని నేనే చెప్పి ఉంచాను. అది వస్తే వదిలేవాళ్లం కూడా. వచ్చింది ఆటో.

మైకు నా చేతిలో ఉంది. ఒక కార్యకర్త వచ్చి, 'సార్, అవుతల ఆటోల పేషెంటున్నడట, ఇడువుమని బతిలాడుతుండ్రు' అన్నాడు. పొద్దుటి నుంచి అట్లాంటివాళ్లు నలుగురు వచ్చారు. ఒకడైతే పెళ్లిచూపులకు పోతూ కడుపునొప్పి అన్నాడు. నేను మైకు పక్కకు తీయకుండానే అన్నాను: 'అందరు గదే చెప్తరు. ఎవ్వలైనా సరే, గంట ఆగుమను. మనం అరవై ఏండ్లు ఆగినం.' చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఆ మాట నచ్చింది.

ఆ ఆటోలో అరుణ్ తల అవ్వ ఒళ్లో ఉంది. నా గొంతు ఆమెకు మైకులో వినిపించింది.

జలపతి ఇంకోసారి వచ్చాడట, నాదాకా రానివ్వలేదు. చివరికి అవ్వే దిగి జనంలో నుంచి నడుచుకుంటూ వచ్చింది. నేను చూశాను. వంటావార్పుకు వచ్చిందనుకున్నాను. అక్కా, మైకులో ఏమన్నానో రాస్తున్నాను. 'మా అవ్వ సుత అచ్చింది, సూడుండ్రి' అన్నాను. జనం జై కొట్టారు. ఆమె నా దగ్గరికి వచ్చి, 'ఆటోల నీ తమ్ముడున్నడురా' అంది. అంతే అంది.

రెండు నిమిషాల్లో దారి అయింది. పొయ్యిలు, వంట గంజులు, మనుషులు, అన్నీ రెండు నిమిషాల్లో పక్కకు జరిగాయి. అంతకు ముందు ఆ ఆటో అక్కడ గంటా ఇరవై నిమిషాలు ఉంది.

ఆ రోజు నుంచి అవ్వ నాతో దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టలేదు. మట్టి చేసిన తొమ్మిదో రోజు మూట కట్టుకుని కోరుట్ల బస్ కోసం నిలబడింది. బస్సుల్లేవంటే లారీ ఎక్కింది. రాయి సంగతి ఆమెకు నేను చెప్పలేదు. వాడి పేరు ఎందుకు రాసిచ్చానో నాకు తెలుసు, నీకు కూడా ఇప్పుడు తెలిసి ఉంటుంది. పది మంది పక్కన వాడి పేరు ఉంటే, వాడు తెలంగాణ కోసం పోయాడు అవుతుంది. బ్రిడ్జి మీద పోయినవాడు కాడు.

ఒకటి అడుగుతున్నాను. నువ్వు నర్సువు, నీ పని మలేరియానే. ఆ గంటా ఇరవై నిమిషాలు ముందు చేరితే వాడు బతికేవాడా? నిజం రాయి.

జనార్దన్


రొరైమా అడవి
29 ఏప్రిల్ 2012

జనార్దన్‌కు,

నీ ప్రశ్నకు ముందు జవాబు.

శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఎవరూ నెత్తురు పరీక్ష చేయలేదు. అది ఆర్‌ఎంపీ తప్పు, ఇంట్లో ఉన్నవాళ్ల తప్పు, నీదీ కొంత. అంత దగ్గరలోనే తిరుగుతూ ఒక్క పూట తమ్ముణ్ని చూడడానికి పోలేదు. మనుషులను గుర్తుపట్టని స్థితిలో ఈ ఏడాది నా దగ్గరికి పదిమంది వచ్చారు. ఆరుగురు బతికారు, నలుగురు పోయారు. పోయినవాళ్లలో ఇద్దరు చాలా త్వరగా వచ్చినవాళ్లే. బతికినవాళ్లలో ఒకడు రెండు రోజులు నదిలో పడవ మీద వచ్చాడు. కాబట్టి గంట ముందు వస్తే బతికేవాడని రాయలేను. బతికేవాడు కాడని కూడా రాయలేను. నాకు తెలియదు, జనార్దన్. ఎవరికీ తెలియదు. తెలుసని నీతో ఎవరైనా అంటే, ఓదార్చడానికైనా తిట్టడానికైనా, నమ్మకు.

నాకు నీ మీద కోపం ఉంది. అది రాయకపోతే నేనూ దాచినదాన్నవుతాను. ఆ మాట మైకులో అన్నందుకు కాదు, ఆటోలో ఉన్నది ఎవరో తెలియక అన్నావు. ఐదు నెలలు నాకు పైపై మాటలు రాసి, వాడి మీద నాలుగు మాటలు నా చేత రాయించబోయావు. దానికి కోపం.

తెలంగాణ వద్దని నేననడం లేదు. ఆ పది మంది తల్లులు ఏమనుకుంటున్నారో నాకు తెలియదు, వాళ్ల పేర్లు వాళ్లిష్టం. మనవాడి పేరు నీది కాదు, నాదీ కాదు.

అవ్వకు అంతా తెలుసు కదా, ఇంకేం చెప్పాలి అని కూర్చోకు. ఆమెకు తెలిసింది వేరు, నీ నోటితో చెప్పడం వేరు. కోరుట్ల పో.

పుష్ప


కోరుట్ల,
3 జూన్ 2012

అక్కా,

మే ఇరవయ్యో తేదీన మొదటిసారి వచ్చాను. అవ్వ, చిన్నవ్వ అరుగు మీద బీడీలు చుడుతున్నారు. నేను మొదలు నుంచి చివర దాకా చెప్పాను. మైకు దగ్గర నుంచి రాయి దాకా. అవ్వ చేతులు ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక, 'రాయి ఏడ ఉన్నది?' అని మాత్రం అడిగింది.

పోయిన సోమవారం ఇద్దరం జగిత్యాల పోయాం. కమిటీ పిల్లలకు నిజం చెప్పాను. వాళ్లు కోప్పడ్డారు. 'సార్, ఇది బయటికి పోతే ఉద్యమానికి చెడ్డపేరు కాదా? గిప్పుడెందుకు?' అన్నారు. ఒకడు నన్ను ద్రోహి అన్నాడు. అవ్వ రాయి చెక్కే ఆయన దగ్గరికి పోయి కూర్చుంది. 'బిడ్డా, ఏడో పేరు నా కొడుకుది. అది తీసెయ్యి' అంది. తీస్తే అక్కడ గుంట పడుతుందన్నాడు ఆయన. 'పడనీ' అంది. ఆయన కమిటీ వైపు చూశాడు. ఎవరూ అడ్డుపడలేదు, ఉలి అందుకున్నాడు. ఎండలో రెండు గంటలు పట్టింది. పేరు పూర్తిగా పోయేదాకా ఆమె లేవలేదు. కన్వీనర్‌గా నన్ను తీసేశారు. ధర్నాలకు మాత్రం పోతున్నాను, వెనక కూర్చుంటున్నాను.

ఈ రోజు పొద్దున వచ్చాను. నీకు ఉత్తరం రాయాలంటూ, తాను చెబుతుంటే నన్ను రాయమంది అవ్వ. ఇక నుంచి ఆమె మాటలు.

బిడ్డా పుష్పా, నేను మీ అవ్వ సత్యవ్వను చెప్తున్న. పెద్దోడు రాస్తుండు. నువ్వు మంచిగున్నవా? గా అడివిల పాములుంటయట, సూస్కొని నడువు. నాకు కండ్లు కొంచెం మసకలేస్తున్నయి, బీడీ ఆకు కత్తిరించుడు మీ చిన్నవ్వనే చేస్తుంది.

చిన్నోని సంగతి నీకు పెద్దోడు రాసిండట. గని నేను చెప్పలే గద, నేను సుత చెప్త. ఆటోల వాడు నన్ను గుర్తు పట్టలే. 'ఎవ్వరు నువ్వు' అన్నడు. నేను మీ అవ్వనురా అన్న. గప్పుడు మైకుల పెద్దోని గొంతు ఇనచ్చింది. ఆ గొంతును వాడు గుర్తు పట్టిండు. 'అన్న' అన్నడు. గదే వాని ఆఖరి మాట. గీ ముచ్చట నేను ఎవ్వలికీ చెప్పలే. పెద్దోనికి సుత ఇప్పుడే తెలుస్తుంది, రాస్తుంటే. ఆగిండు. రాయిరా అన్న. రాస్తుండు.

పెద్దోన్ని మాఫ్ జేసిన్నని రాయకు అన్న. ఇంక చెయ్యలే. చేస్తనో లేదో నాకెర్క లేదు. రాసింది నాకు సదివి ఇనిపియ్యుమన్న. సదివిండు. నేను చెప్పినట్టే ఉన్నది.

పెద్దోడు పొద్దుగాల అచ్చినకాంచి ఏం తినలే. బువ్వ పెట్టాలె. ఇగ ఉంట బిడ్డా.